తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: వరంగల్ దగ్గర మడికొండ అవతల 18 కుటుంబాలు కలిసి జాగ కొన్నారు. ఎవరి ఇల్లు వాళ్ళదే గానీ పెద్ద హాలు, వంటశాల, తోట, బోరు అందరివీ. ఇళ్ళు సగం లేచాయి. 11 నుంచి 17 ఏళ్ళ మధ్య పిల్లలు 9 మంది ఉన్నారు, వాళ్ళకంటూ ఒక గది ఇవ్వాలని 4 లక్షలు పక్కన పెట్టారు. హాలులో ఒక మూలకు పార్టిషన్ కట్టి ఇవ్వాలా, మిద్దె మీద రేకుల షెడ్డు వెయ్యాలా అన్నది మీ ప్రశ్న. కొందరు పెద్దలు రీడింగ్ రూమ్ చేసి సీసీ కెమెరా పెడదామంటున్నారనీ, పిల్లలను అడిగితే "మీ ఇష్టం" అన్నారనీ కూడా రాశారు.

ఆ "మీ ఇష్టం" దగ్గరే మొదలుపెడతాను.

నేను హసన్‌పర్తి దారిలో ఇలాంటి వాడకట్టులోనే 14 ఏళ్ళుగా ఉంటున్నాను. మావి 22 ఇళ్ళు. అంతకుముందు 26 ఏళ్ళు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ వయసు పిల్లలు పెద్దల ముందు "మీ ఇష్టం" అన్నారంటే, తమ మాటతో పని జరగదని వాళ్ళకు అప్పటికే తెలిసిపోయిందన్నమాట. మా పిల్లలూ మొదటిసారి అదే అన్నారు. మేం దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కేసుకున్నాం. మా మొదటి గది అక్కడే దెబ్బతిన్నది.

ఆ గది 2013లో చేశాం. హాలును ఆనుకుని 10కి 12 అడుగులు. తెల్లటి ట్యూబ్‌లైట్లు, నాలుగు స్టడీ టేబుళ్ళు, జనరల్ నాలెడ్జ్ పుస్తకాల అల్మారా, గోడకు లామినేషన్ చేయించిన 14 నిబంధనలు. దసరా నాడు కొబ్బరికాయ కొట్టి, ఒక పిలగాడితో రిబ్బన్ కట్ చేయించి అందరం ఫొటో దిగాం. సంక్రాంతికి చూస్తే అందులో మడత కుర్చీలు, ఎవరిదో పాత కూలరు, ఒక పెండ్లి సామాను ఉన్నాయి. పిల్లలు లేరు.

వాళ్ళెక్కడ ఉన్నారో నాకు అనుకోకుండా తెలిసింది. ఒక సాయంత్రం మోటారు బంద్ చెయ్యడానికి బోరు షెడ్డు వెనక్కి పోయాను. అక్కడొక సిమెంటు దిమ్మ ఉంది. దాని అంచు కూర్చుని కూర్చుని నున్నగా అరిగింది. వెనక గోడ మీద వీపులు ఆనిన మేర సున్నం పోయి లోపలి సిమెంటు తేలింది. తిన్న మిక్చర్ పొట్లాలు గాలికి ఎగరకుండా సన్నగా మడిచి ఒక ఇటుక కింద వరసగా పెట్టారు. మేం రంగులేసి ఇచ్చిన గదిలో చూపని శ్రద్ధ ఆ ఇటుక కింద కనబడింది. నేను కాసేపు ఆ దిమ్మ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి గేటు కనబడుతుంది, ఎవరొచ్చినా ముందే తెలుస్తుంది. ఏ ఇంటి వంటింటి కిటికీలోంచీ దిమ్మ కనబడదు. మోటారు చప్పుడులో మాటలు బయటికి పోవు. హాలులోని వైఫై అక్కడిదాకా అందుతుంది. రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకో దారి. పైసలిచ్చి గీయించుకున్న మా గదిలో ఈ ఐదింటిలో వైఫై తప్ప ఏదీ లేదు.

కలిసి బతికే వాడకట్టులో ఈ విషయం అపార్ట్‌మెంటులోకన్నా బరువైనది, ఎందుకో చెప్తాను. ఈ పద్ధతి డెన్మార్క్‌ది. పిల్లలకు వందమంది తల్లిదండ్రులుండాలని 1967లో అక్కడి పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఆ ఆలోచన నచ్చిన కుటుంబాలు కూడబలుక్కుని 1972లో సెట్టెడామెన్ అనే మొదటి వాడకట్టు కట్టుకున్నాయి. ఐదేళ్ళ పిల్లకు వందమంది తల్లిదండ్రులుంటే అంతకన్నా వరం లేదు. ఎవరింట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తింటుంది, ఎక్కడ నిద్రొస్తే అక్కడ పడుకుంటుంది. అదే పిల్లకు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ వందమందీ రెండు వందల కళ్ళవుతారు. హన్మకొండ చౌరస్తాలో అపార్ట్‌మెంటు పిల్ల కిందికి దిగి గల్లీ మలుపు తిరిగితే ఎవరికీ తెలియనిదైపోతుంది. మన పిల్లకు ఆ మలుపు లేదు. చెప్పు తెగినా సాయంత్రం వంటశాలలో నలుగురు అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. అయినా ఒక మనిషి తన మనసు తను తెలుసుకునే వయసులో, ఎవరూ అడగని జాగ ఒకటి కావాలి. మనం పిల్లల కోసమే కదా ఇలా కట్టుకున్నాం, మళ్ళీ వేరే గది ఎందుకు అని మీ దగ్గర ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. ఇలా కట్టుకున్నందుకే కావాలి.

ఇప్పుడు మీరు రాసిన రెండు జాగల సంగతి. రెండూ వద్దు.

హాలులో పార్టిషన్ అంటే అవతల మీటింగు జరుగుతుంటే ఇవతల పిల్లలు గుసగుసలాడుకోవాలి. క్యారంబోర్డు చప్పుడు మీకు, మీ చప్పుడు వాళ్ళకు. రెండు నెలల్లో ఎవరో ఒకరు అరుస్తారు, అరిచేది పెద్దవాళ్ళే. ప్లైవుడ్, జిప్సం బోర్డు గోడలు మాటను ఆపవు. ఇటుక గోడ ఆపుతుంది, అదీ తలుపు కింద సందు లేకుంటేనే.

మిద్దె మీద రేకుల షెడ్డు ఓరుగల్లు ఎండలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మనుషులు ఉండే జాగ కాదు. పిల్లలకు బడి లేనిది ఆ నెలల్లోనే. మిగిలిన నెలల్లో కోతులు. పైగా కింద ఎవరిదో పడకగది ఉంటుంది, పైన కుర్చీ జరిపినా వాళ్ళకు వినబడుతుంది. పిట్టగోడ దగ్గర రాత్రిపూట పిల్లలుంటే తల్లులకు నిద్ర పట్టదు, అది న్యాయమైన భయమే. వేరే గత్యంతరం లేక మిద్దె మీదనే చెయ్యాల్సి వస్తే రేకులు మానేసి స్లాబు వేసి పైన తెల్లటి చల్ల పూత వెయ్యండి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ చెప్పేది ఈ చల్ల కప్పుల గురించే.

సెల్లార్ ఉంటే అది కూడా వద్దు. 2023 జులై వానలకు ఈ పట్టణంలో ఎన్ని కాలనీల్లోకి నీళ్ళొచ్చాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ దగ్గర ఇంకా పని నడుస్తున్నదన్నారు. అంటే ఎక్కడో ఒక సిమెంటు గోడౌన్ ఉండే ఉంటుంది. దాన్ని కూలగొట్టకండి. మా రెండో గది అదే. 12కి 18 అడుగులు, తొమ్మిదించుల ఇటుక గోడలు, ప్రహరీ పక్కన, ఇళ్ళకు దూరం. రేకులు తీసి స్లాబు వేశాం. 2016లో పిల్లల చేతికిచ్చాం. ఇప్పటికీ నడుస్తున్నది.

కానీ గది ఇవ్వకముందు తాళంచెవి గురించి మూడు మీటింగులు పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి, ఇది తేలకుండా ఒక్క ఇటుక కూడా పేర్చకండి. మొదటి మీటింగులో మా దగ్గర బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి అడిగారు, "తాళం వాళ్ళకిస్తే లోపల ఏం చేస్తరో మనకెట్ల తెలుస్తది?" ఇద్దరు ఆడపిల్లల తల్లి ఒకామె నెమ్మదిగా అన్నది, "తెల్వద్దనే కదన్నా ఇస్తున్నం." చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడో మీటింగుకు ఆ పెద్దమనిషే దారి చూపించారు. రెండు తాళంచెవులు. ఒకటి పిల్లల దగ్గర. రెండోది కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు సంతకం చేసి వంటశాల అల్మారాలో పెట్టాలి. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా చింపవచ్చు, కానీ చింపినట్టు అందరికీ తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఆ కవరు రెండుసార్లే చింపాం. ఒకసారి లోపల వైరు కాలిన వాసన వచ్చినప్పుడు, రెండోసారి 2023 జులైలో నీళ్ళు గడప దాటినప్పుడు.

పిల్లల దగ్గరి తాళంచెవి నెలనెలా చేతులు మారుతుంది. ఇద్దరు జిమ్మేదార్లు, ఒకరు పెద్ద, ఒకరు చిన్న. ఒకరు ఆడపిల్ల, ఒకరు మగపిల్లవాడు. ఇది వాళ్ళు పెట్టుకున్నదే. గది ఊడ్చడం, కరెంటు బంద్ చెయ్యడం, పగిలింది నోట్‌బుక్కులో రాయడం ఆ ఇద్దరి పని. మొదటి నెల జిమ్మేదారు పదకొండేళ్ళ పిల్లవాడు. తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగాడు, రాత్రి నిద్రలో కూడా విప్పలేదని వాళ్ళమ్మ చెప్పింది.

పిల్లలను అడగడం ఎలాగో కూడా రాస్తాను, ఎందుకంటే అడిగే పద్ధతి తప్పితే మళ్ళీ "మీ ఇష్టం" దగ్గరికే వస్తారు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసినదాంట్లో పిల్లల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశారు. కింది మూడు మెట్లు, అంటే పిల్లలను మన మాట పలికించడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు కూర్చోబెట్టడం, అసలు భాగస్వామ్యమే కాదని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు మా రిబ్బన్ కట్ చేసిన పిలగాడు గుర్తొచ్చాడు.

రెండోసారి మేం మీటింగులో అడగలేదు. వాడకట్టు ప్లాన్ కాగితాన్ని జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇచ్చాం, రెండు రంగుల బొట్టుబిళ్ళల ప్యాకెట్లతో. కూర్చోవాలనిపించే జాగలో ఎర్రది అంటించాలి, పోబుద్ధి కాని జాగలో నల్లది. పేరు రాయవద్దు. నాలుగు రోజుల్లో వంటశాల దగ్గరి డబ్బాలో వేస్తే చాలు. అన్నీ ఒక బల్ల మీద పరిచి చూశాం. ఎర్రవి మేం అనుకున్నట్టే బోరు షెడ్డు చుట్టూ ఉన్నాయి. నల్లవి చూసి అందరం ఆగిపోయాం. గేటు లోపల వేపచెట్టు కింద మగవాళ్ళు సాయంత్రం కూర్చునే బెంచీ ఒకటుంది. ఆ బెంచీ చుట్టూ చీమలబారులా నల్ల బిళ్ళలు.

పేర్లు లేకున్నా అవి ఆడపిల్లలవని తెలిసింది. నేను నలుగురిని మా ఇంటికి పిలిచి, మిరపకాయ బజ్జీలు వేసిపెట్టి, ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి పద్నాలుగేళ్ళది చెప్పింది. "కాకలు మంచోళ్ళే అమ్మమ్మా. కానీ దాటినప్పుడల్లా ఎటు పోతున్నవ్ బిడ్డా అంటరు. నాలుగుసార్లు పోతే నాలుగుసార్లు జవాబు చెప్పాలె. అన్నయ్యోళ్ళను అడగరు." గోడౌన్‌కు పోయే దారి ఆ బెంచీ ముందు నుంచే. మేం ఆ గదికి ఎన్ని హంగులు చేసినా ఆడపిల్లలు వచ్చేవాళ్ళు కాదు, మేమేమో వాళ్ళకు ఆసక్తి లేదనుకునేవాళ్ళం.

ఆ మాట నేను బెంచీ దగ్గర చెప్పినప్పుడు ఒక కాక మొహం చిన్నబోయింది. "నేను పావురంగ అడుగుతున్న అనుకున్న" అన్నాడు, ప్రేమగా అని. వారం తిరగకముందే ఆయనే ఇద్దరు కూలీలను పెట్టి బెంచీని హాలు వెనక కానుగచెట్టు కిందికి జరిపించాడు. మొత్తం పనిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చైంది, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది అదే. మన దగ్గర బతుకమ్మ పండుగకు ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడపిల్లలు రాత్రి దాకా వాకిట్లో, గల్లీలో, చెరువు దారిలో ఉంటారు, ఎటు పోతున్నవని ఎవరూ అడగరు. ఆ తొమ్మిది రోజుల నడక మిగిలిన రోజుల్లో కూడా దొరికే దారి ఒకటి మీ ప్లాన్‌లో గీయండి. దారికి లైటు పెట్టండి. గదికి దగ్గర్లో టాయిలెట్ ఉండాలి, దానికి లోపల గట్టి గడియ, మూత ఉన్న చెత్తడబ్బా ఉండాలి. ఇది లేని గదికి నెలలో కొన్ని రోజులు ఆడపిల్లలు రారు, ఎందుకు రాలేదో చెప్పరు.

మొదటి ఏడాది మా ఆడపిల్లలు మంగళవారం, శుక్రవారం తమకే కావాలని అడిగి తీసుకున్నారు. మగపిల్లలు గొణిగారు. ఏడాది తర్వాత ఆడపిల్లలే అక్కర్లేదన్నారు. ముందు వాళ్ళది అని స్థిరపడ్డాక కలిసి కూర్చోవడం కష్టం కాలేదు.

గది లోపల సంగతి ఎక్కువ రాయను, అది పిల్లలు చేసుకోవాల్సింది. పెద్దవాళ్ళు చూసుకోవాల్సినవి మాత్రం చెప్తాను. గది తలుపుకు లోపల గడియ వద్దు, బయట తాళం చాలు. తలుపు పైభాగంలో గరుకు గాజు పెట్టించండి. లైటు వెలుగుతున్నదీ, మనుషులున్నదీ తెలుస్తుంది, ఎవరేం చేస్తున్నదీ కనబడదు. కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాకు తగిలితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్చి, తప్పక పెట్టించండి. ఎలక్ట్రిక్ కెటిల్, ఇండక్షన్ పొయ్యి ఎలాగూ వస్తాయి. ట్యూబ్‌లైటుతోపాటు రెండు మూడు పసుపు బల్బులకు పాయింట్లు వేయించండి. సోఫాలు కొనకండి. మేం కొత్తవాడలో నేసిన జంపఖానాలు తెచ్చి పరిచాం. ఓరుగల్లు దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు రాకముందు నుంచే అవి తొక్కినా దొర్లినా చెక్కుచెదరనివి. మందపు నూలు కాబట్టి గదిలో మాట గింగురుమనదు కూడా. మూడేళ్ళకు ఒకసారి మార్చుకుంటున్నాం.

గోడలు వాళ్ళకు వదిలెయ్యండి. మా వాళ్ళు ఒక గోడకు నల్ల రంగు వేశారు. రెండు ఇళ్ళ పెద్దలు అశుభమని బాధపడ్డారు. నేను వాళ్ళను కాదనలేదు. పిల్లలే ఆ ఇద్దరి దగ్గరికి పోయి మాట్లాడారు, గడపకు పసుపు కుంకుమ పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. గోడ నల్లగానే ఉంది. గడప ప్రతి శుక్రవారం పసుపుగా ఉంటుంది.

రీడింగ్ రూమ్ అంటున్న పెద్దల మాట తీసిపారెయ్యవద్దు. హన్మకొండలో 1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్నవాళ్ళం మనం, చదువుకునే జాగ మీద గౌరవం ఉండాల్సిందే. అది హాలులో పెట్టండి. 12 ఏళ్ళ వాళ్ళకూ 70 ఏళ్ళ వాళ్ళకూ కలిపి పెట్టండి. మీరు చెప్పిన ఆ పార్టిషన్ మూల దానికి బాగా పనికొస్తుంది. ఈ గదిని మాత్రం చదువుతో ముడిపెట్టకండి. "మార్కులు తగ్గితే గది బంద్" అన్న మాట ఒక్కసారి వినబడితే అది కూడా కాలేజీయే అయిపోతుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చి ప్రాక్టికల్సు, పరీక్షలు దగ్గరపడితే గది ఎలాగూ ఖాళీ అవుతుంది. అప్పుడు తాళం వెయ్యమని కొందరు తల్లులు అడుగుతారు. వెయ్యకండి. రాత్రి తొమ్మిదింటికి పదిహేను నిమిషాలు వచ్చి జంపఖానా మీద వెల్లకిలా పడుకుని పోయే పిల్లవాడికి ఆ పదిహేను నిమిషాల అవసరం ఎంత ఉందో నేను కాలేజీలో చాలా మొహాల్లో చూశాను.

కెమెరా గేటు దగ్గర పెట్టుకోండి. గది లోపల, గది తలుపుకు ఎదురుగా వద్దు. కెమెరా పెట్టిన రోజున పిల్లలు మోటారు వెనక్కో, చెరువు కట్టకో పోతారు, అక్కడ మీకు ఏదీ తెలియదు.

వేళ గురించి పిల్లలతో గట్టిగానే మాట్లాడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదని శబ్ద కాలుష్య నియమాలున్నాయి. మా పిల్లలు ఆ నియమం తామే చదివి పది అని పెట్టుకున్నారు. ఈ వయసులో ఒంటి గడియారమే ఆలస్యంగా జరుగుతుంది, తొమ్మిదికే నిద్ర రాదు, అది పొగరు కాదు. కానీ 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కేవాళ్ళకు పది దాటితే లెక్క కుదరదు. ఈ లెక్క వాళ్ళ చేత వేయిస్తే చాలు.

మీరు అడగలేదు గానీ అడగాల్సింది ఇంకోటి ఉంది. మీ వాచ్‌మన్ కుటుంబంలో, మీ ఇళ్ళల్లో పనిచేసే అక్కల ఇళ్ళల్లో ఈ వయసు పిల్లలున్నారా? మా వాచ్‌మన్ కొడుకు మా పిల్లల ఈడువాడే. మొదటి గదికి వాణ్ని ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. వాడు కిటికీ బయట నిలబడి క్యారం చూసేవాడు. రెండో గదికి పిల్లలు పేర్ల పట్టిక రాసినప్పుడు వాడి పేరు మూడోదిగా రాశారు. ఒక ఇంటి నుంచి అభ్యంతరం వచ్చింది. ఆ రోజు నేను మీటింగులో గొంతు పెంచాను, అందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు. నెల జిమ్మేదారీ వాడికీ వచ్చింది, తాళంచెవి వాడి చేతికీ వచ్చింది. కలిసి బతుకుదామని కట్టుకున్న జాగలో ఒక పిల్లవాడు కిటికీ బయట నిలబడితే మనం కట్టుకున్నది ఏమిటి? మీ పట్టిక ఇప్పుడే, ఇళ్ళు పూర్తికాకముందే రాయించండి. బయటి దోస్తులు వస్తే పిలిచినవాళ్ళే జవాబుదారీ అని మా వాళ్ళ నియమం, అది బాగానే నడుస్తున్నది.

తప్పు జరిగితే ఏం చెయ్యాలో ముందే అనుకోండి, జరిగాక కోపంలో అనుకోకండి. 2018లో గది వెనక సిగరెట్ పీకలు దొరికాయి. పెద్దలం అదే రాత్రి తాళం మార్చేసి రెండు నెలలు గది మూశాం. ఆ రెండు నెలల్లో ఎవరూ సిగరెట్ మానలేదు, బైకులేసుకుని చెరువు కట్ట మీదికి పోయారు. ఒకడు పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తెరిచాక ఆ ఈడు పిల్లలు మళ్ళీ రాలేదు. గది వాళ్ళది కాదని, మాకు కోపం వచ్చేదాకా అప్పిచ్చిందని వాళ్ళకు తేలిపోయింది. నాలుగేళ్ళకు మళ్ళీ అదే జరిగింది. ఈసారి నోట్‌బుక్కులో రాసి జిమ్మేదార్ల ముందు పెట్టి ఊరుకున్నాం. పిల్లలు తామే కూర్చుని వారం రోజులు మూసుకున్నారు. ఆ ఇద్దరితో వాళ్ళ అమ్మానాన్నలు కాని పెద్దవాళ్ళు విడిగా మాట్లాడారు.

ఆ పెద్దవాళ్ళ సంగతి ముఖ్యం. ప్రతి జూన్‌లో మా పిల్లలు ఇద్దరు పెద్దలను తామే ఎన్నుకుంటారు. సొంత తల్లిదండ్రులు కాకూడదు. ఒకసారి స్కూటర్ మెకానిక్ షాపు నడిపే చిన్నాయనను ఎన్నుకున్నారు, ఒకసారి అప్పుడే పెండ్లయి వచ్చిన కోడలిని. వాళ్ళ పని కాపలా కాదు. పిలిస్తే రావాలి, తలుపు కొట్టి జవాబు వచ్చేదాకా ఆగాలి. మా వాడకట్టులో ఎనభై దాటిన ఒక పెద్దమ్మ సకినాలు చేసినప్పుడల్లా స్టీలు డబ్బా గడప మీద పెట్టి, కర్రతో తలుపు మీద రెండుసార్లు తట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. లోపలికి ఒక్కసారి కూడా చూడలేదు. పిల్లలు తమ కష్టం చెప్పుకోవాలనుకున్నప్పుడు పోయింది ఎక్కువగా ఆమె దగ్గరికే.

ఒక్క విషయంలో మాత్రం పిల్లలకూ, పెద్దలకూ, వాడకట్టు కమిటీకీ ఎవరికీ సొంత నిర్ణయం లేదు. 18 ఏళ్ళు నిండని వాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతున్నదని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెప్తుంది. చెప్పకపోవడం కూడా నేరమే. "మనలో మనం సర్దుకుందాం" అన్న మాట కలిసి బతికే జాగల్లో మహా తొందరగా వస్తుంది, దగ్గరివాళ్ళం కాబట్టి. ఆ మాట అక్కడ చెల్లదని గది తెరిచే రోజునే అందరికీ చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416, ఈ రెండు నంబర్లు గోడ మీద పెద్దగా రాయించండి. నల్ల గోడ మీద తెల్ల పెయింటుతో మా వాళ్ళు రాసుకున్నారు.

పైసల సంగతి. 4 లక్షలూ ఇప్పుడే పెట్టకండి. గోడలు, కప్పు, టాయిలెట్, కరెంటు, దారి లైటు, వీటికి అయినంత పెట్టి, మూడో వంతన్నా పిల్లల పేరున విడిగా ఉంచండి. ఏడాదికి ఇంత అని వాళ్ళు ఖర్చు చేసుకుని లెక్క రాయాలి. ఎందుకంటే ఈ గది మనుషులు మారే గది. ఇవాళ పదిహేనేళ్ళ పిల్ల పది పాసై హైదరాబాద్ హాస్టల్‌కు పోతుంది, ఆమె కోరి తెప్పించిన సామాను మిగిలిన వాళ్ళకు అక్కర్లేదు. మా దగ్గర 2019లో ఒకేసారి ఆరుగురు ఇంటర్‌కు వెళ్ళిపోయారు, గది చప్పబడింది. అప్పటి నుంచి పదకొండేళ్ళు రాగానే ఒక పెద్ద పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చే అలవాటు పెట్టుకున్నారు. హాస్టళ్ళకు పోయినవాళ్ళు దసరా సెలవులకు వచ్చినప్పుడు బ్యాగు ఇంట్లో పడేసి ముందు గదికే పోతారు. తల్లులకు కాస్త నొప్పి. నాకూ ఉండేది, నా మనవరాలు కూడా అలాగే చేసేది.

ఇక మీరు ఈ వారం చెయ్యాల్సింది. ప్లాన్ కాగితం తొమ్మిది జిరాక్సులు తీయించండి, వాచ్‌మన్ పిల్లలుంటే వాళ్ళకు కూడా. రెండు బొట్టుబిళ్ళల ప్యాకెట్లు కొనండి. గోడౌన్ కూలగొట్టవద్దని మేస్త్రీకి ఇవాళే చెప్పండి. బిళ్ళలు అంటించిన కాగితాలు వచ్చాక గేటు ఎటు, బెంచీలు ఎక్కడ, వంటింటి కిటికీలు ఎటు తెరుచుకుంటాయో గుర్తుపెట్టిన ప్లాన్ ఒకటి ఇక్కడ పెట్టండి. దారి ఎటు నుంచి తియ్యాలో కలిసి చూద్దాం.